డ్రూసీ అత్త చెట్టు ఊరేగింపు

సోమవారం పొద్దున డ్రూసిల్లా పార్డీ కిటికీ దగ్గర నిలబడి టీలో డబ్బాపాలు కలుపుకుంటుంటే, వీధివైపు ఎవరో తన చెట్టుకి బొట్టు పెడుతున్నట్టు కనిపించింది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. బొట్టు కాదు, నారింజ రంగు ఇంటూ మార్కు. పెడుతున్నవాడు గార్లాండ్ స్నూక్. మార్టల్ కోవ్ ఊరి కౌన్సిలుకి ఉన్న పనివాళ్ళందరూ అతనే. రోడ్డు గుంటలు పూడ్చేదీ, మంచు తోసేదీ, తప్పిపోయిన కుక్కల్ని వెతికేదీ, దొరికాక ఆ కుక్కలు కరిస్తే కౌన్సిలు తరఫున ఫిర్యాదు రాసుకునేదీ అతనే.

డ్రూసీ ఒక కాలికి రబ్బరు బూటు, ఇంకో కాలికి చెప్పు వేసుకుని బయటికొచ్చింది.

"ఒరేయ్ గార్లాండూ! అది చెట్టనుకున్నావా, నీ నోటు పుస్తకమనుకున్నావా?"

"నన్నేమీ అనొద్దు అత్తా. నేను ఉత్త రంగు డబ్బాని. మీట నొక్కేది సెల్బీ," అని గార్లాండ్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, ఉడుకు గిన్నె అందించినట్టు వేళ్ళ చివరలతో అందించాడు.

రోడ్డు పక్కన నడకదారి వేస్తున్నారట. రోడ్డు అంచు నుంచి పదడుగుల లోపల అడ్డంగా ఉన్నవన్నీ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల పోవాలట. పోకపోతే కౌన్సిలే రంపం తెచ్చి నరికేస్తుందట. కింద మేయర్ సెల్బీ కీపింగ్ సంతకం. పేరులో ప్రతి అక్షరం పక్క అక్షరాన్ని మోచేత్తో తోస్తూ ఉంది.

డ్రూసీ కాగితం చదివి చెట్టుకేసి చూసింది. పద్నాలుగేళ్ళ చెట్టు. ఆ ఊళ్ళో గాలికి బట్టలు ఆరేసేటప్పుడు, ఎవరి చొక్కా ఎవరి పెరట్లో పడితే ఎవరికి చెందాలో ముందే మాట్లాడుకుని ఆరేస్తారు. అంత గాలిలో, న్యూఫౌండ్‌లాండ్ ఉప్పు నీటి తుంపర్లలో, ఆ చెట్టు నిటారుగా నిలబడింది. కింది మొద్దు ఇక్కడి కొండల మీద దానంతటదే మొలిచే డాగ్‌బెర్రీ. పైన ఒక పక్క కొమ్మ మాత్రం, సెయింట్ జాన్స్ పట్నానికి పళ్ళు పీకించుకోవడానికి వెళ్ళినప్పుడు, పోయిన పళ్ళకి బదులుగా అక్కడి తోటలోంచి తెచ్చుకున్నది. తడి మేజోడులో చుట్టి తెచ్చి, మొద్దు చీల్చి అంటు కట్టింది. అక్టోబరు వస్తే చెట్టుకి సగం ఎర్రగుత్తులు, సగం పచ్చటి బంగారు గుత్తులు. ఇప్పుడు ఆకులన్నీ రాలిపోయి గుత్తులు మాత్రం వేలాడుతున్నాయి.

ఆమె లోపలికెళ్ళి కొలత టేపు తెచ్చింది. ఒక కొస గార్లాండ్ చేతిలో పెట్టింది. వాడు దాన్ని బతికున్న చేప తోకలా పట్టుకున్నాడు.

"ఎంత?"

"తొమ్మిదడుగుల నాలుగంగుళాలు."

"ఎనిమిదంగుళాలకి ప్రాణం తీస్తారా?"

"రూలు అత్తా."

"సరే. పద." వాణ్ణి టేపుతో సహా రోడ్డు దాటించింది. అవతల సెల్బీ బావమరిది కొత్తగా కట్టుకున్న గ్యారేజీ, తెల్ల రంగు ఇంకా ఆరినట్టు లేదు. "ఇప్పుడెంత?"

గార్లాండ్ చూశాడు. మళ్ళీ చూశాడు. టేపు అబద్ధం చెప్తుందేమోనని తిప్పి కూడా చూశాడు. "ఆరడుగులు."

"దీనికి ఇంటూ ఏదిరా?"

"డబ్బాలో రంగు అయిపోయిందత్తా," అన్నాడు గార్లాండ్. చెప్తూ అలవాటు కొద్దీ డబ్బా ఊపాడు. లోపల నిండుగా గలగలలాడింది. ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు. ఇద్దరూ సముద్రంకేసి చూశారు.

మంగళవారం ఆమె కౌన్సిలు హాలుకి వెళ్ళింది. హాలు గుట్ట మీద ఉంది. దాని ముందు, జూన్‌లో అట్టహాసంగా నాటిన ఐదు మొక్కలు, డాగ్‌బెర్రీకే నర్సరీవాళ్ళు పెట్టిన పేరు, అలంకారపు మౌంటెన్ యాష్ అని ఒక్కోదానికి మెడలో అట్టముక్క. ఐదూ చచ్చిపోయాయి. ఎవరూ ప్రకటించలేదు కాబట్టి అధికారికంగా మాత్రం బతికే ఉన్నాయి.

డ్రూసీ మొదటిదాని దగ్గర వంగి బొటనవేలి గోటితో బెరడు గీరింది. కింద పచ్చదనం లేదు, టీ పొడి రంగు. కాండం పట్టుకుని కదిపితే వదులుపన్నులా గుండ్రంగా తిరిగింది. వేళ్ళతో పైమట్టి తోసి చూసింది. నల్ల ప్లాస్టిక్ కుండీ అంచు తగిలింది. కుండీతో సహా పాతేశారు! కొత్త బూట్లు అట్టపెట్టెలోంచి తియ్యకుండా పెట్టెతోనే తొడుక్కున్నట్టు. అయ్యో అనుకుంది, మొక్కల్ని చూసి. తర్వాత ఆ మట్టిని చేతిలోకి తీసుకుని నలిపింది. నల్లటి, మెత్తటి, లోతైన మట్టి. పదిహేను లారీల్లో బయటి నుంచి తెప్పించారు. పారని జానెడు దింపితే రాయి ఖంగుమనే ఊరు, చచ్చినవాళ్ళని పాతడానికి కూడా మట్టి అరువు తెచ్చుకునే ఊరు. అలాంటి ఊళ్ళో ఇంత మట్టి ఒక్కచోట. ఆమె పిడికిలి విప్పడానికి కాస్త ఆలస్యం చేసింది.

లోపల సెల్బీ కీపింగ్ కుర్చీలోంచి లేచాడు. మంచివాడే. గొంతే ఇబ్బంది. అతను గుసగుసలాడితే అవతలి రేవులో పడవలు లంగరెత్తేస్తాయి.

"అత్తా! రండి రండి, టీ తాగుతారా?"

"తాగే వచ్చాను. మీ బావమరిది గ్యారేజీ ఆరడుగులు. నా చెట్టు తొమ్మిది మీద నాలుగంగుళాలు. ఏది దగ్గరరా సెల్బీ?"

"గ్యారేజీ కట్టడం అత్తా. కట్టడాలకి వేరే కమిటీ ఉంది."

"ఆ కమిటీలో ఎవరున్నారు?"

సెల్బీ కిటికీలోంచి చాలా దూరం చూశాడు. "మా బావమరిది."

టీ కెటిల్ దగ్గర నిలబడ్డ ముగ్గురు మగాళ్ళు కప్పుల్లోకి దగ్గారు.

"మీరు బాధపడొద్దు. బదులుగా మంచి మొక్క ఇప్పిస్తాను, నర్సరీది. మీది ఊరికే మొలిచే డాగ్‌బెర్రీ కదా."

"నీ ఐదింటిలాంటి మొక్కా?"

"అవి నిద్రపోతున్నాయి అత్తా. చలికాలం వస్తోంది కదా."

"జూలై నుంచి నిద్రపోతున్నాయి," అంది డ్రూసీ. "నరకొద్దు. వేళ్ళతో సహా నేనే తీసుకుపోతాను."

సెల్బీ నవ్వాడు. కెటిల్ దగ్గరి ముగ్గురికీ నవ్వడానికి అనుమతి వచ్చినట్టయింది. "రాయి మీద చెట్టు. మట్టిగడ్డతో కలిపి గుర్రమంత బరువు. ఈ వయసులో! సరే, మోసుకుపోగలిగితే మోసుకుపోండి. ఎక్కడ పెట్టుకున్నా నేనడగను. శుక్రవారం పన్నెండు దాకా మీదే."

డ్రూసీ చేతితొడుగుల్లోకి వేళ్ళు ఒక్కొక్కటే దూర్చింది. చెంపలు మండుతున్నాయి. చివరి వేలు దూరాక తలుపు తీసుకుని బయటికి నడిచింది.

బుధవారం ఆమె గేటు దగ్గర ఆజరయా బంగే నిలబడి ఉన్నాడు. డెబ్భైతొమ్మిదేళ్ళు, వలలు అల్లేవాడు, ఊరందరికీ ఆజ్ మామ. కుర్రతనంలో మూడు ఇళ్ళనీ, సగం చర్చినీ తాళ్ళేసి, ఉన్నవాటిని ఉన్నట్టే ఒకచోటి నుంచి ఇంకోచోటికి లాగినవాడు. మిగతా సగం ఎందుకు లాగలేదని ఎవరైనా అడిగితే ఆదివారం వచ్చేసిందని చెప్తాడు.

"పార తెచ్చాను. నవ్వడానికి రాలేదు," అన్నాడు.

"నవ్వుతూనే ఉన్నావు కదా మామా."

"అది నా మొహం కట్టు."

చెట్టు చుట్టూ మూరన్నర దూరంలో గుండ్రంగా గీత గీశారు. డ్రూసీ పార అంచుని ఆకురాయి మీద సానబెట్టి, గీత వెంట నిలువుగా దింపింది. చిన్నవేళ్ళు తెగినప్పుడు పటుక్కుమని చప్పుడు. బొటనవేలంత లావు వేరు తగిలిన ప్రతిసారీ మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో మట్టి తోసి, చిన్న రంపంతో నున్నగా కోసింది. చీలిన వేరు కుళ్ళుతుంది, నున్నగా తెగిన వేరు మళ్ళీ పుడుతుంది. జానెడున్నర దిగేసరికి రాయి. వేళ్ళు కిందికి పోలేక ఆ రాయి మీద అట్టు పోసినట్టు పరుచుకుని ఉన్నాయి.

"ఇన్నేళ్ళూ దీన్ని పట్టుకున్నది మట్టి కాదు, మొండితనం," అన్నాడు ఆజ్ మామ. "ఎక్కడ పెడతావ్? వెనక పెరట్లోనా?"

"వెనక ఇంతకూడా లేదు మామా. ఉత్త బండ. ఊళ్ళో మట్టి ఉన్నది ఒక్కచోటే."

ఆజ్ మామ పార మీద గడ్డం ఆనించి ఊరంతా కలియజూశాడు. చూపు రేవు దాటి, చర్చి దాటి, గుట్ట ఎక్కి, కౌన్సిలు హాలు దగ్గర ఆగింది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. ఆ తర్వాత పార జారిపోయి, చెట్టుని పట్టుకుని నిలదొక్కుకోవాల్సి వచ్చింది.

"సెల్బీ ఊరుకోడే అమ్మాయ్."

"ఎక్కడ పెట్టుకున్నా అడగనన్నాడు."

"అది హాల్లో. ఇక్కడ ఏటవాలు. అందరూ లాగుతుండగా ఒక్కడు తాడు వదిలేసి అరిచాడనుకో, నలుగురు తిరిగి చూస్తారు, పట్టు సడలుతుంది, గడ్డ వెనక్కి జారుతుంది. వెనక గడ్డపలుగు పట్టుకుని ఎవరుంటారు?"

"నేనుంటాను."

ఆజ్ మామ నవ్వడం ఆపాడు. మొహం కట్టు కూడా మారింది.

గురువారమంతా గడ్డ చుట్టూ తడిపిన గోనెసంచులు చుట్టి, వాటి మీద తారు పూసిన పాత కాడ్ చేపల వల కప్పి, వల అల్లే సూదితో బిగించి కుట్టారు. గోనె ఆరినప్పుడల్లా డ్రూసీ టీ కెటిల్‌తో నీళ్ళు పోసింది. కొమ్మల్ని పాత స్వెట్టర్ పేలికలతో దగ్గరికి కట్టింది. అంటు కట్టిన చోట రెండు చుట్లు ఎక్కువ వేసింది. తొక్క తీసిన రెండు స్ప్రూస్ దుంగలకి అడ్డపట్టెలు వేసి చక్రాల్లేని జారుడుబండి కట్టారు, అడుగున కాడ్ నూనె పూత. ఆ నూనె వాసనకి ఊళ్ళో పిల్లులన్నీ వచ్చి, గోడ మీద పెళ్ళివారిలా వరసగా కూర్చున్నాయి. సాయంత్రానికి గడ్డని పలుగులతో ఎత్తి, దుంగలబండి మీదికి వంచారు. చెట్టు ఒకసారి మూలిగి కూర్చుంది.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి డ్రూసీ బండికి తాడు కట్టి, మిగతా తాడు రోడ్డు మీద పొడుగ్గా పరిచింది. అంతే చేసింది. ఎవరి తలుపూ తట్టలేదు.

ఆ ఊళ్ళో పెళ్ళికి పిలుపు కావాలి, చావుకి కబురు కావాలి, తాడుకి ఏదీ అక్కర్లేదు. లాగాల్సిన బరువుకి కట్టి రోడ్డు మీద తాడు పరిచి ఉంటే, అటుగా వచ్చినవాడు చెయ్యి వెయ్యాలి. బరువు ఎవరిదని అడగకూడదు. అరవై ఏళ్ళ కింద ఒబదయా గులిజ్ అనే ఆయన పంటినొప్పి అని చెప్పి తాడు దాటుకుని వెళ్ళిపోయాడు. ఆయన పోయాడు, ఆయన కొడుకూ పోయాడు. మనవణ్ణి ఇప్పటికీ ఊరంతా పంటినొప్పి లియాండర్ అనే పిలుస్తారు. బళ్ళో హాజరు కూడా అలాగే వేశారని చెప్పుకుంటారు.

అందుకే ఆ రోజు అందరికంటే ముందు వచ్చినవాడు లియాండరే, పెళ్ళాం బిడ్డలతో సహా. తర్వాత చేపల షెడ్డు ఆడవాళ్ళు గొంతుదాకా ఏప్రాన్లతో వచ్చారు. టీచరు తరగతి మొత్తాన్ని తీసుకొచ్చింది. పదికల్లా ముప్పైమంది తాడు మీద ఉన్నారు. ఎటు లాగాలో ఎవరూ అడగలేదు, పైకి అని మాత్రం తెలుసు.

లాగారు. బండి కదల్లేదు. ఒకళ్ళు లాగుతుంటే ఇంకొకళ్ళు ఊపిరి పీల్చుకుంటున్నారు. అందరూ ఒక్కసారి లాగేలా ఆజ్ మామ పిలుపు ఇవ్వబోయాడు గానీ, ఆ గొంతుకి గోడ మీద పిల్లులు కూడా లేవలేదు.

పదిన్నరకి గార్లాండ్ రంపం మోసుకుంటూ వచ్చాడు. రంపాన్ని చూశాడు, తాడుని చూశాడు. చర్చిలోకి వెళ్తూ టోపీ తీసినట్టు రంపాన్ని గోడ మీద పెట్టి, వరసలో దూరాడు.

"డ్యూటీలో ఉన్నావు కదరా?" అంది డ్రూసీ.

"టీ విరామం అత్తా."

జానా బెత్తెడు చొప్పున బండి గుట్ట మొదటికి చేరింది. ఏటవాలు మొదలైంది. అక్కడ ఆగిపోయింది. డ్రూసీ వెనక నిలబడి, దుంగ కింద పలుగు అడ్డం పెట్టి, ఒంటి బరువంతా దాని మీద వేసింది. అప్పుడే పైనుంచి సెల్బీ ట్రక్కు దిగి వచ్చి, అడ్డంగా ఉన్న జనాన్ని చూసి ఆగింది.

సెల్బీ దిగాడు. తాడు కొస సరిగ్గా అతని బూట్ల ముందు పడి ఉంది. ముప్పై మందిలో ఒక్కళ్ళు కూడా అతనికేసి చూడలేదు. అందరికీ ఉన్నట్టుండి సముద్రం మీద అపారమైన ఆసక్తి పుట్టింది.

లియాండర్ మాత్రం చాలా మర్యాదగా అడిగాడు: "పళ్ళెలా ఉన్నాయి సెల్బీ?"

సెల్బీ చెవులు ఎర్రబడ్డాయి. చేతితొడుగులు తీసి జేబులో కుక్కుకుని, వంగి, తాడు అందుకున్నాడు. ఒకసారి లాగాడు. రెండోసారి లాగాడు. మూడోసారి ఇంక తట్టుకోలేకపోయాడు. కీపింగ్ వంశంలో పుట్టినవాడు, ఆ వంశంలో మూడు తరాలు తాడుకి పిలుపులిచ్చినవాళ్ళే. ఇంత అడ్డదిడ్డంగా లాగడం చూస్తే ఒళ్ళు మండుతుంది.

"ఏంటిది, ముక్కు చీదుతున్నారా, లాగుతున్నారా! ఊపిరి పట్టండి! ఓ... హో... లాగ్!"

కొండకి తగిలి ఆ పిలుపు రెండోసారి వచ్చింది. బండి ప్రభుత్వం నుంచి ఉత్తర్వు అందినట్టు కదిలింది. "ఓ... హో... లాగ్!" చెట్టు గుత్తులన్నీ ఒక్కసారి ఊగాయి. వెనక డ్రూసీ, ప్రతి పిలుపుకీ పలుగు తీసి ముందుకు వేస్తూ, అడుగులో అడుగు వేసింది. బండి జారితే ముందు తగిలేది ఆమెకే.

గుట్ట పైన దారి చీలుతుంది. తిన్నగా పోతే శ్మశానం. కుడికి తిరిగితే, ఏటవాలు ఇంకా నిలువై, కౌన్సిలు హాలు. శ్మశానం పక్కన పాతుకుంటుంది కాబోలని సెల్బీ అనుకున్నట్టున్నాడు, అటే నడుస్తున్నాడు. డ్రూసీ పలుగు దుంగ పక్కకి దూర్చి, కాలు తన్ని, బండి ముక్కు కుడికి తిప్పింది.

సెల్బీ వెనక్కి చూశాడు. బండి ముక్కు చూశాడు, హాలు చూశాడు. "ఓ..." అన్నాడు. మిగతా సగం రాలేదు.

ఒక్క పిలుపు ఆలస్యమైంది. తాడు సడలింది. బండి జానెడు వెనక్కి జారి, పలుగు రాళ్ళ మీద కీచుమని అరిచింది. డ్రూసీ బూటు నేలలో కూరుకుపోయింది. ఎవరో పిల్ల కెవ్వుమంది. డ్రూసీ పక్కకి తప్పుకోలేదు. ఆకులు లేని కొమ్మల మధ్య నుంచి నేరుగా సెల్బీ మొహంలోకి చూసింది.

"ఏంరా, గొంతు పోయిందా?"

అతనికి తాడు వదిలేసే వీలుంది. అరిచి ఆపే వీలూ ఉంది. ముప్పై జతల చేతులు అతని నోటికేసి చూస్తున్నాయి. బరువు వెనక ఆ ముసలావిడ కదలకుండా నిలబడి ఉంది.

"హో... లాగ్!"

అప్పటిదాకా ఇచ్చిన పిలుపులన్నీ గుసగుసలే అనిపించింది. అవతలి రేవులో వాళ్ళు ఆ మధ్యాహ్నం భూకంపమని రేడియోకి ఫోన్ చేశారట. బండి ఆగకుండా కుడికి తిరిగి, ఏటవాలు ఎక్కి, హాలు ముందు నల్లమట్టిలోకి దిగబడి నిలిచింది.

గార్లాండ్ ఎవరూ చెప్పకుండానే మొదటి అలంకారపు మొక్కని ఒక్క చేత్తో ఎత్తాడు. కుండీతో సహా వచ్చింది. వేళ్ళు కుండీ ఆకారంలో గుండ్రంగా చుట్టుకుని ఎండిపోయి ఉన్నాయి. జనంలోంచి ఎవరో టోపీ తీశారు. గార్లాండ్ దాన్ని జాగ్రత్తగా పక్కన పడుకోబెట్టి, పార అందుకుని గొయ్యి వెడల్పు చెయ్యడం మొదలుపెట్టాడు.

"ఇది కౌన్సిలు స్థలం అత్తా," అన్నాడు సెల్బీ. ఆ గొంతు అంత చిన్నగా రావడం ఊళ్ళో ఎవరూ అంతకుముందు వినలేదు.

"అవును. ఇక్కడికి పిలిచి తెచ్చిందెవరు?"

అందరూ సెల్బీ అరచేతులు చూశారు. అతనూ చూసుకున్నాడు. తాడు రాసుకుని ఎర్రగా కమిలి ఉన్నాయి. వాటిని ఎక్కడ దాచాలో తెలియక కాసేపు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత చెట్టుకేసి తలెత్తాడు.

"ఏ వైపు గాలికి పెట్టాలి?"

డ్రూసీ గొయ్యిలోకి దిగి లోతు చూసింది. ఒంగి పిడికెడు మట్టి నలిపింది. "ఎర్రవైపు సముద్రానికి. అంటు కట్టిన వైపు గోడకి. దించండి, మెల్లగా. సెల్బీ, నువ్వు కాండం పట్టుకో. నిటారుగా ఉండాలి. నీ నడుం కాదురా, చెట్టు."

సెల్బీ చెట్టుని కౌగిలించుకుని నిలబడ్డాడు. డ్రూసీ వల కుట్లు కోసి, గోనె విప్పి, మట్టి కాస్త కాస్త వేయిస్తూ మడమతో తొక్కింది. బకెట్ నీళ్ళు పోసి అవి ఇంకేదాకా ఆగింది. మళ్ళీ మట్టి. మళ్ళీ నీళ్ళు. పక్కనే చేపల షెడ్డు ఆడవాళ్ళు బఠాణీ సూపు గిన్నె దించి, వేయించిన టౌటన్ రొట్టెల మీద మొలాసిస్ పాకం పోస్తున్నారు. జనం గుట్ట మీద కూర్చుని తింటున్నారు. రోడ్డు మీద తాడు ఇంకా ఎవరూ చుట్టలేదు.

ఆజ్ మామ కింద మెరుస్తున్న తెల్ల గ్యారేజీకేసి చూస్తూ రొట్టె నమిలాడు. "చెట్టంత కష్టం కాదు," అన్నాడు ఎవరితోనో కానట్టు. "దానికి వేళ్ళుండవు."

లియాండర్ తాడుకేసి చూశాడు. గార్లాండ్ తాడుకేసి చూశాడు. టీచరు పిల్లల్ని లెక్కపెట్టుకుంది.

సెల్బీ చెట్టు చాటు నుంచి అదంతా విన్నాడు. మెడ మీద చెమట కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "సోమవారం... ఆ పదడుగుల గీత సంగతి కమిటీలో మాట్లాడతాను," అన్నాడు.

"మీ బావమరిదితోనా?"

"నేనే మాట్లాడతాను అత్తా. అందరి ముందూ." చెట్టు మీద పట్టు మార్చుకుని, "ఇంక వదిలెయ్యనా?"

"అప్పుడేనా! వేళ్ళు మట్టిని పట్టుకోనీ."

"ఎంతసేపు పడుతుంది?"

డ్రూసీ సూపు గిన్నె అందుకుని, ఊదుకుని, ఒక గుటక తాగింది.

"రెండేళ్ళు," అంది.